విసనకర్రల చప్పుడు

ఎమిల్ బైకే జ్ఞానదంతం పుచ్చిన మాట నిజమే. కాకపోతే సరిగ్గా ఆ వారంలోనే పీకెయ్యాల్సినంత తొందరేమీ లేదు. ఇంకో నెలా రెండు నెలలు హాయిగా నెట్టుకురావచ్చు. పన్ను పీకింది నేనే కాబట్టి ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"ఆదివారం వలయం పాట నేనే పాడాలి కదా బురుల్. పాడగలనంటావా?" అన్నాడు, బుగ్గలో దూది కుక్కుకుని.

"పాడండి బైకే, ఎవరొద్దన్నారు? కుట్లు ఊడి నెత్తురు కారితే మాత్రం నా దగ్గరికి రాకండి."

"మరి నేను కాకపోతే ఎవరు పాడతారు?"

"ఆ పాట ఇంకెవరికొచ్చు? నేనే ఏవో తంటాలు పడతాలెండి. మీరింటికెళ్ళి చల్లగా ఐస్‌క్రీం తినండి."

పాపం, మంచివాడు, బైకే అంటే మా భాషలో అన్న. గుండెమీద చెయ్యి వేసుకుని, తలవంచి మరీ వెళ్ళాడు. ఆయన వెళ్ళాక చేతులు కడుక్కుంటూ అద్దంలో చూసుకుని నవ్వాను. ఏడాదిన్నర తర్వాత మనస్ఫూర్తిగా నవ్విన నవ్వు అది.

బిష్కెక్‌లో మమ్మల్ని 'ఏడాదివాళ్ళు' అంటారు. పదహారు పదిహేడేళ్ళ వయసులో ఒక్కొక్కళ్ళం ఒక్కో ఏడాది జపాన్‌లో ఎవరింట్లోనో బిడ్డల్లా ఉండి, అక్కడి బడికి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళం. వచ్చాక ఆ ఏడాదిని వదిలిపెట్టలేక ఒక సంఘం పెట్టుకున్నాం. వసంతంలో ఆప్రికాట్ చెట్లు పూస్తే వాటికింద చాపలు పరుచుకుని కూర్చుంటాం. చలికాలంలో రోట్లో అన్నం దంచి ముద్దలు చేసుకుంటాం. ఆగస్టు చివర, జపాన్‌లో ఆ పండగలన్నీ అయిపోయాక, పోయినవాళ్ళ కోసం చేసే వలయ నాట్యాన్ని మేం ఇక్కడ చేస్తాం. పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, పొట్టలు వచ్చినవాళ్ళం కూడా ఆ రోజు నూలు కిమోనోలు చుట్టుకుని, గుండ్రటి కాగితం విసనకర్రలు నడుం పట్టీల్లో దోపుకుని వస్తాం. చూసేవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మా అధ్యక్షురాలు వెనెరా ఎజే, అంటే వెనెరా అక్క. మొట్టమొదటి జట్టులో వెళ్ళొచ్చిన మనిషి. ప్రతి రెండేళ్ళకీ ఎన్నికలు పెడుతుంది, ప్రతిసారీ ఆవిడే గెలుస్తుంది, ఎత్తిన చేతులు లెక్కపెట్టేది కూడా ఆవిడే మరి. జపాన్ నుంచి ఏ అతిథి వచ్చినా పక్కన నిలబడి అనువాదం చెయ్యడం ఆవిడ సొంత హక్కు. ఇంకొకళ్ళు నోరు తెరవకూడదు. పిల్ల సభ్యులకి అనువాదం నేర్పించడానికి ఒక పద్ధతి కూడా కనిపెట్టింది. ఒకరు నిలబడి అనువదిస్తుంటే మిగతావాళ్ళందరూ వినాలి, ఎక్కడ తప్పు దొర్లితే అక్కడ విసనకర్రతో అరచేతిమీద ఒక్కటి కొట్టాలి. టప్. మాటకి మాట సరిపోయేదాకా టప్ టప్ అంటూనే ఉండాలి. ఆ చప్పుడుకి ఏడ్చేసిన ఆడపిల్లల్ని నేను చూశాను. ఒకమ్మాయి సంఘానికి రావడమే మానేసింది. "ఏడవనీ, గట్టిపడతారు" అనేది వెనెరా ఎజే, టీలో జామ్ కలుపుకుంటూ.

ఇక నా కినుయో అమ్మ సంగతి చెప్పాలి. నా ఏడాది నేను గడిపింది ఆవిడింట్లో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. కొండల్లో పుట్టిన పిల్లని, చేపలో ముల్లుంటుందని కూడా తెలియదు. మొదటి నెలంతా కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చుకుని, నా కంచంలో ముళ్ళు ఏరిపెట్టేది. నేను ఇంటినుంచి తీసుకెళ్ళిన కురుత్ ఉండలు ఆవిడకిచ్చాను. ఎండబెట్టిన పెరుగుండలు, ఉప్పగా రాయిలా ఉంటాయి. నాకు బాధ కలుగుతుందని ఒక్కో ఉండని బుగ్గన పెట్టుకుని వారం రోజులు చప్పరించింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా "బాగుంది, బాగుంది" అంటూనే. సాయంత్రం బడినుంచి వచ్చి తలుపు జరపగానే లోపలినుంచి "వచ్చేశావా?" అనేది. ఎంత పనిలో ఉన్నా, ఒంట్లో బాగోకపోయినా ఆ మాట తప్పేది కాదు. నన్ను కన్న తల్లి నా చిన్నప్పుడే పోయింది. ఆ మాట నాకు ఎలా ఉండేదో ఇంకెవరికీ చెప్పలేను.

ఇరవై ఏళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నాం. రెండేళ్ళ కిందట సెప్టెంబరులో, ఎనభై దాటిన మనిషి, "బురు-చాన్, నేను మీ ఊరొస్తున్నా" అంది. వాళ్ళ ఊరి ప్రతినిధి బృందంతో కలిసి అక్టోబరులో వస్తోందట. నేను గోడలకి సున్నం వేయించాను. కొత్త పరుపులు కుట్టించాను. సరిగ్గా వాళ్ళొచ్చే వారం వెనెరా ఎజే ఫోన్ చేసింది.

"బురుల్ తల్లీ, పెద్దావిడకి నడుం పట్టేసిందట. ప్రయాణం ఆగిపోయింది. నువ్విప్పుడు ఫోన్ చేసి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకు, మాట తప్పానని సిగ్గుపడుతోందట. వాళ్ళ సంగతి తెలుసుగా."

తెలుసు. తెలుసు కాబట్టే నమ్మాను, ఆవిడే చేసేదాకా ఫోన్ చెయ్యకూడదనుకున్నాను.

కినుయో అమ్మ వచ్చింది. నాలుగు రోజులు ఈ ఊళ్ళోనే ఉంది, సంఘంలో ఎవరికీ తెలియకుండా వెనెరా ఎజే ఇంట్లో, నా ఇంటికి రెండు బస్‌స్టాపుల దూరంలో. బురుల్ ఏదని అడిగితే, అత్తగారి వైపు పెళ్ళికి నారిన్ వెళ్ళింది, రాలేనంది అని చెప్పింది. తిరిగెళ్ళి చలికాలం దాటకుండానే కినుయో అమ్మ పోయింది. వసంతంలో వెనెరా ఎజేకి అక్కడినుంచి స్నేహ పతకం వచ్చింది, ఊరి పెద్దావిణ్ణి కన్నతల్లిలా చూసుకున్నందుకు.

ఇదంతా నాకెలా తెలిసిందంటే, పరామర్శకి ఫోన్ చేశాను. కినుయో అమ్మ కూతురు చిజురు ఎత్తింది. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. గొంతులో మర్యాదకి లోటు లేదు, చల్లగా మాత్రం ఉంది.

"అమ్మ మీకోసం చూసింది బురుల్-సాన్. విమానాశ్రయంలో కూడా గుమ్మం వైపే తిరిగి నిలబడిందట. పెళ్ళి బాగా జరిగిందా?"

"ఏ పెళ్ళి?" అన్నాను.

"నారిన్‌లో. వెనెరా-సాన్ చెప్పారుగా."

ఒక్క క్షణంలో అంతా అర్థమయింది. నిజం చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే నేను చెబితే అది సాకు. చచ్చిపోయిన మనిషి ముందు ఆలస్యంగా వచ్చి చెప్పుకునే సాకు. ఆ నిజం అబద్ధమాడిన నోటినుంచే రావాలి, చిజురు ముందు, జపనీస్‌లో, అందరూ వింటుండగా. "క్షమించండి" అని ఫోన్ పెట్టేశాను. పళ్ళు ఎంత గట్టిగా బిగించానంటే మర్నాడు నా పన్నుకి నేనే మందు వేసుకోవాల్సొచ్చింది.

అప్పటినుంచి నేనంత మంచి సభ్యురాలు సంఘంలో లేదు. గిన్నెలు కడిగాను. చాపలు దులిపాను. వెనెరా ఎజే, ఎందుకొచ్చిందో దాటేసి, పతకం చూపిస్తే "మీకు కాక ఇంకెవరికొస్తుంది ఎజే?" అన్నాను. ఈ ఆగస్టుకి చిజురు మన నాట్యానికి వస్తోందని ఆవిడ చెప్పినప్పుడు చప్పట్లు కొట్టాను కూడా. "నువ్వు కొంచెం దూరంగా ఉండు తల్లీ, ఆ పిల్లకి నీమీద కోపంగా ఉంది, నేను సర్దుతాను" అంది. సర్దుతుందట.

నా స్నేహితురాలు జిపారకి మాత్రమే చెప్పాను. మందుల షాపు నడుపుతుంది, నా జట్టుదే.

"ఇంతకీ ఏం చేద్దామని? జుట్టు పట్టుకుంటావా?" అంది.

"పాట పాడతాను."

"పాటా! నీ మొహం. వలయం పాటతో ఎవరు చస్తారే?"

"చావక్కర్లేదు. అనువాదం చేస్తే చాలు."

జిపార చేతిలో మందుల డబ్బా పక్కన పెట్టింది. తర్వాత పెద్దగా నవ్వి, "ఒసేయ్, నీకు పళ్ళ డాక్టరు పని ఎవరిచ్చారే, నువ్వు తలారివి" అంది.

విషయం ఏమిటంటే, మేం ఆడేది కినుయో అమ్మ ఊరి వలయ నాట్యమే. ఆవిడే నాకు నేర్పింది, నేనొచ్చి సంఘానికి నేర్పాను. గాయకుడు మధ్యలో మంచె ఎక్కి పాదాలు అప్పటికప్పుడు కట్టి పాడతాడు. చుట్టూ తిరిగేవాళ్ళు "యొయి యొయి" అని అందుకుంటారు. పోయినవాళ్ళ పేర్లు పాటలో కలపడం వాళ్ళ ఊరి ఆచారం. పోయినవాళ్ళు కూడా వచ్చి మనతోపాటు తిరుగుతారట, అందుకని గాయకుడు ముగింపు కేక వేసేదాకా ఎవరూ వలయం వదలకూడదు. ఇటు మా వైపు ఆచారం ఒకటుంది. ఇంట్లో మనిషి పోతే ఆడవాళ్ళు శోకాలు పెడతారు, పాదాలు కట్టి, పాటలా. శోకం పెట్టేదాన్ని ఎవరూ ఆపకూడదు. పోయినవాడి తమ్ముడు ఆస్తి మింగేశాడని శోకంలో పెడితే ఆ తమ్ముడు కూడా తలవంచుకుని వినాల్సిందే. మా నాయనమ్మ అట్-బాషిలో పేరుమోసిన శోకగత్తె. ఆవిడ నోటికి జడిసి బతికున్నప్పుడే మంచిగా ఉన్నవాళ్ళు చాలామంది.

ఈ రెండు ఆచారాలనీ ఒక తాటిమీదికి తెస్తే చాలు. ఏడాదిన్నర అదే పని చేశాను. రోగి నోట్లో డ్రిల్లింగ్ చేస్తూ పాదాలు కట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం ఊళ్ళో ఒక బడి ఆవరణలో అందరం చేరాం. ఎండ ఇంకా పాప్లర్ చెట్ల కొనలమీద ఉంది. కట్టడం పనివాళ్ళ దగ్గర ఇనుప పైపులు అరువు తెచ్చి మంచె కట్టాం, ఎరుపు తెలుపు గుడ్డలు చుట్టాం. ఒక పక్క ఆడవాళ్ళు బోర్సోక్‌లు, చిన్న చిన్న పిండి ముక్కలు, నూనెలో వేయిస్తున్నారు. పోయినవాళ్ళకి నూనె వాసన చేరాలని మేం అలా వేయిస్తాం, అది ఎవరూ చెప్పకుండానే జపాన్ పండగలో కలిసిపోయింది. వెనెరా ఎజే తెల్లటి నూలుమీద నీలం పూల కిమోనో కట్టి, గుండెమీద పతకం పెట్టుకుని వచ్చింది. నూలు కిమోనోమీద పతకం ఎవరూ పెట్టరు. ఆ మాట ఎవరంటారు ఆవిడతో?

చిజురు సన్నటి మనిషి, అచ్చం తల్లి నుదురు. నన్ను చూసి తలవంచింది. నేనూ వంచాను. అంతే.

"ఎమిల్ ఏడీ?" అని వెనెరా ఎజే నన్ను పక్కకి లాగింది.

"పన్ను పీకించుకున్నాడు ఎజే. దవడ ఇంత లావున వాచింది."

"ఇవాళే దొరికిందా వాడికి! ఇప్పుడెలా?"

"మీరు వద్దంటే పాట రికార్డు పెట్టుకుందాం. లేదంటే నేను పాడతాను. మీ ఇష్టం."

ఆవిడ కళ్ళు చిట్లించింది. అనుమానం రాలేదని కాదు. అయితే జపాన్ అతిథి ముందు రికార్డు పెట్టడం పరువు తక్కువ. పైగా ఏడాదిన్నరగా నేను కడిగిన గిన్నెలు ఆవిడ కళ్ళముందు ఉన్నాయి.

"సరే, పాడు. ఊరికే సాగదీయకు."

తర్వాత మైకు పట్టుకుని ఉపన్యాసం ఇచ్చింది, రెండు భాషల్లోనూ తనే. "పోయినవాళ్ళు ఈ సాయంత్రం మనతో తిరుగుతారు. అందుకని పాట ముగిసేదాకా ఎవ్వరూ వలయం వదలకూడదు, మధ్యలో ఆగకూడదు. చిజురు-సాన్ నా పక్కన తిరుగుతారు, పాటలో ప్రతి మాటా నేనామెకి చెబుతాను." మంచె మెట్లు ఎక్కుతూ విన్నాను. నాకు కావలసిన కట్టుబాటు ఆవిడే, ఆవిడ నోటితోనే పెట్టింది. నాయనమ్మా, నువ్వెక్కడున్నా విను, అనుకున్నాను.

డప్పు మొదలైంది. మొదటి రెండు చుట్లూ ఎప్పటి పాదాలే పాడాను, సముద్రం, చంద్రుడు, చేపల పడవలు, అన్నీ జపనీస్‌లో. కాళ్ళు కుదురుకున్నాయి, విసనకర్రలు ఒకేసారి లేచి ఒకేసారి దిగుతున్నాయి. లోపలి వరసలో వెనెరా ఎజే, ఆమె పక్కనే చిజురు. మూడో చుట్టులో రాగం మార్చకుండా భాష మార్చాను.

*సంద్రం దాటొచ్చినావే, కినుయో అమ్మా*
*నీ పిల్ల ఊళ్ళోనే ఉందే, కినుయో అమ్మా*

"యొయి యొయి" అన్నారు అందరూ, అలవాటు చొప్పున. తర్వాత మాటలు బుర్రకెక్కాయి. మా భాషలో పాడేసరికి, అదీ శోకం వరసలో పాడేసరికి, ముసలీ ముతకా తలలెత్తారు. కాళ్ళు మాత్రం ఆగలేదు. ఆగకూడదు కదా.

*పెళ్ళికి పోయిందని నీకు చెప్పిందెవరే?*
*నడుం పట్టేసిందని నాకు చెప్పిందెవరే?*

"యొయి యొయి." ఈసారి గొంతులు తగ్గాయి. వెనెరా ఎజే విసనకర్ర ఒక తాళం వెనకబడింది.

*రెండు స్టాపుల దూరాన నాలుగు రాత్రులుంటివే*
*నీకు పరుపు పరిచిన చెయ్యే నాకు దారి మూసెనే*
*నిన్ను అమ్మా అన్న నోరే నన్ను లేదనెనే*
*గుమ్మం వైపు తిరిగి నువ్వు ఎవరికోసం నిలిచితివే?*

బోర్సోక్‌లు వేయించే ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మాడు వాసన వస్తోంది. వెనెరా ఎజే మెడ ఎర్రబడింది. ఒకసారి అడుగు బయటికి వెయ్యబోయింది. వెనక వరసలో ఉన్న జిపార విసనకర్రతో ఆమె వీపుమీద మెల్లగా తట్టి, "ఎజే, పోయినవాళ్ళు తిరుగుతున్నారు. వలయం వదలకండి" అంది, అత్తగారితో మాట్లాడే కోడలంత వినయంగా. ఆవిడ మళ్ళీ వరసలోకి వచ్చింది.

*పేరు చెప్పమంటారా? పేరెందుకు, అక్కల్లారా?*
*నీలం పూలు కట్టి తాను లోపలి వరసలో ఉన్నదే*
*గుండెమీద పతకమున్నదే, పతకం కింద ఏమున్నదే?*
*అడగండి ఏడాదివాళ్ళూ, అడగండే అందరూ!*

ఇంకా చాలా ఉంది. ఏడాదిన్నర కట్టిన పాదాలు అంత తొందరగా అయిపోతాయా? సున్నం వేయించిన గోడలు పాడాను, ఎవరూ పడుకోని పరుపులు పాడాను, కడిగిన ప్రతి గిన్నె పాడాను. ఒక్కో చుట్టుకీ వెనెరా ఎజే మంచె కిందనుంచి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ తలెత్తకుండా వెళ్ళింది. నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, అంత తీపి నేనెప్పుడూ రుచి చూడలేదు. తనివితీరా పాడి, ముగింపు కేక వేశాను. డప్పు ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ వలయం వదల్లేదు కూడా.

చిజురు మొహం చెమట తుడుచుకుని, వెనెరా ఎజే వైపు తిరిగి జపనీస్‌లో అడిగింది. "అమ్మ పేరు చాలాసార్లు వినిపించింది. ఏం పాడారు?"

"మీ అమ్మగారిని పొగుడుతూ పాడింది" అంది వెనెరా ఎజే. అలవాటైన చిరునవ్వు కూడా పెదాలమీదికి తెచ్చుకుంది.

టప్.

ఎవరిదో ఒక్క విసనకర్ర. ఏ మూలనుంచో తెలియలేదు. చిజురు అటు చూసింది.

"అంటే... బురుల్ రాలేకపోయినందుకు బాధపడుతూ..."

టప్. టప్. టప్. ఈసారి నాలుగు వైపులనుంచీ. ఎమిల్ బైకే కూడా, వాచిన దవడతో ఆలస్యంగా వచ్చి ఓ మూల కుర్చీలో కూర్చున్నవాడు, విసనకర్రతో తొడమీద కొట్టాడు. ఒకప్పుడు ఏడ్చి వెళ్ళిపోయిన అమ్మాయి ఆ రోజు వచ్చింది, నేనే పిలిపించాను. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ పిల్లే.

"ఈ చప్పుడేమిటి?" అంది చిజురు.

దానికి జవాబు చెప్పింది జిపార. "మా సంఘంలో పద్ధతండి. అనువాదం తప్పితే ఇలా కొడతాం. వెనెరా-సాన్‌గారే నేర్పారు."

వెనెరా ఎజే చుట్టూ చూసింది. అరవై మంది. రెండు భాషలూ తెలిసిన అరవై మంది. ఆవిడే వెతికి, పంపి, తీర్చిదిద్దిన మనుషులు. ఎక్కడ తిరిగినా ఒక విసనకర్ర లేచే ఉంది. నేను మంచెమీదనుంచి దిగి, ఆఖరి మెట్టుమీద నిలబడ్డాను. దగ్గరనుంచి చూడాలి కదా.

"బురుల్ నారిన్ వెళ్ళలేదు" అంది చివరికి, ఒక్కొక్క మాటా రాయిలా కిందపెడుతూ. "ఊళ్ళోనే ఉంది. మీ అమ్మగారు వస్తున్నారని ఇల్లు సిద్ధం చేసుకుంది. ప్రయాణం ఆగిపోయిందని నేనే ఆమెకి చెప్పాను. ఆమె రానందని మీ అమ్మగారికి చెప్పింది కూడా నేనే."

చప్పుడు లేదు.

"ఎందుకు?" అంది చిజురు.

"నా ఏడాదిలో నన్ను మూడిళ్ళు మార్చారు. నాతో పడలేదన్నారు. ఏ ఇంట్లోనూ నాకు అమ్మ అనే మనిషి దొరకలేదు." వెనెరా ఎజే గుండెమీది పతకాన్ని అరచేత్తో కప్పుకుంది. "మీ అమ్మగారు నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నారు. సాయంత్రం నేను ఆఫీసునుంచి రాగానే లోపలినుంచి 'వచ్చేశావా?' అనేవారు. నాకు."

పక్కనున్న ఆడవాళ్ళలో ఒకరిద్దరు కిమోనో అంచులతో ముక్కు తుడుచుకున్నారు. నాకు జాలి కలగలేదు. ఆ మాట కూడా దొంగిలించిందన్నమాట, అనుకున్నాను. నా గుండె ఇంకా మండింది. కావలసింది అయింది. ఆవిడ నోటితో, చిజురు ముందు, అందరూ వింటుండగా. గెలిచాను.

చిజురు నా వైపు నడిచొచ్చింది. ఇప్పుడు నా చేతులు పట్టుకుంటుందనుకున్నాను. చేతులు చాచాను కూడా.

"నేను ఫోన్ ఎత్తినప్పుడే మీకిది తెలిసిందా?"

"తెలిసింది."

"అప్పుడే చెప్పలేదేం?"

"ఆవిడ నోటితోనే చెప్పించాలనుకున్నాను."

ఆమె తల ఊపింది. కోపం లేదు ఆ మొహంలో. ఉన్నా బాగుండేది. "రోజూ పొద్దున అమ్మ ఫోటో ముందు అన్నం పెడతాను. పెట్టినప్పుడల్లా మిమ్మల్ని తిట్టుకుంటూ పెట్టాను. ఏడాదిన్నర." విసనకర్ర నడుం పట్టీలో దోపుకుంది. "సరే. చెప్పించారు."

తర్వాత వెనక్కి తిరిగి వెనెరా ఎజేని అడిగింది. ఆమెకి తెలిసిన అనువాదకురాలు ఆవిడే మరి.

"ఇంత పెద్ద పాట పాడారు కదా. మీ ఇద్దరి సంగతీ అర్థమైంది. మా అమ్మ గురించి ఏం పాడారు? ఎలాంటి మనిషని పాడారు?"

నేను నోరు తెరిచాను. కంచంలో ముళ్ళు ఏరిపెట్టే చేతులు. ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలు. బుగ్గన కురుత్ ఉండ పెట్టుకుని, కళ్ళనీళ్ళతో బాగుంది బాగుందని అన్న మనిషి. అవన్నీ గొంతుదాకా వచ్చాయి. పాటలో ఎక్కడ పెట్టానా అని పాదం పాదం వెతుక్కున్నాను. పరుపులున్నాయి. గోడలున్నాయి. గిన్నెలున్నాయి. పతకం ఉంది. మా నాయనమ్మ ఏ శోకమైనా పోయిన మనిషి ఎలా నవ్వేదో, ఎలా నడిచేదో చెప్పడంతోనే మొదలుపెట్టేది.

వెనెరా ఎజే నా కళ్ళలోకి చూసింది. ఆవిడ కావాలంటే అబద్ధం చెప్పొచ్చు. నా కోసం చెప్పినా, నన్ను ఏడిపించడానికి చెప్పినా, విసనకర్రలు లేచేవి, తప్పు మళ్ళీ ఆవిడదే అయ్యేది, నేను బతికిపోయేదాన్ని. ఆవిడ ఆ పని చెయ్యలేదు. తన జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ అనువదించి ఉండదు.

"ఆమె గురించి ఏమీ లేదు" అంది.

నేను చుట్టూ చూశాను, జిపార వైపు, ఎమిల్ బైకే వైపు, అందరికంటే గట్టిగా కొట్టిన ఆ పిల్ల వైపు. అందరి చేతుల్లోనూ విసనకర్రలున్నాయి. ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు.